ఎగ్జిట్ దగ్గర అంపైరు

కువైట్‌లో జూన్ వచ్చిందంటే ఎండలో నిలబెట్టిన కారు స్టీరింగు పట్టుకోవడమూ, పొయ్యి మీది పెనం పట్టుకోవడమూ ఒకటే. ఎవరి ఉపాయం వాళ్ళకుంటుంది. కొందరు దాని మీద తడి తువ్వాలు కప్పి వెళతారు. కొందరు తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ళు దాని మీదే పోసేస్తారు. ఖాదర్ భాయ్ అయితే రెండు వేళ్ళ కొసలతో తిప్పుతూ, మలుపు మలుపుకీ "యా అల్లా" అంటాడు. బాబాయ్ గారు మాత్రం ఎడం చేతికి బేస్‌బాల్ గ్లవ్వు తొడుక్కునేవారు.

ఆ గ్లవ్వు చూడనివాళ్ళకి ఎలా ఉంటుందో చెప్పాలి. దళసరి తోలుతో కుట్టిన చేట అనుకోండి. అందులో అయిదు వేళ్ళూ దూర్చాక స్టీరింగు పట్టుకోవడం కుదరదు, అదిమిపెట్టి తిప్పాలి. అలా అదిమి తిప్పుతూ, తల మీద వెలిసిపోయిన నీలం టోపీతో, సాల్మియాలో మా బిల్డింగ్ ముందుకు వచ్చి ఆగేవారు. హారన్ కొట్టేవారు కాదు. హారన్ కొట్టేవాళ్ళంటే ఆయనకి చిన్నచూపు. గ్లవ్వు చేతిని కిటికీలోంచి బయటపెట్టి ఆడించేవారు. పైనుంచి చూస్తే కారులో ఎలుగుబంటి కూర్చుని రమ్మంటున్నట్టుండేది. మా అమ్మాయి రోజూ బాల్కనీలోంచి "అమ్మా, ఎలుగుబంటి తాతగారు వచ్చేశారు" అని వీధంతా వినబడేట్టు అరిచేది. ఆయనకి ఆ పేరు నచ్చింది కూడా.

ఆ బాబాయ్ గారు పోయారు. మొన్న ఖాదర్ భాయ్ వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"అక్కా, మన అన్న పోయినాడంట అక్కా. పొద్దన్నే కుర్చీలో కూచ్చోని ఆ దిక్కుమాలిన బాలాటే చూచ్చాండాడంట. వదినమ్మ లోపలికి పోయి కాఫీ తెచ్చేలోపల అయిపోయినాడంట. ఆట ఇంగా అయిపోలేదంట అక్కా."

మెసేజ్ మళ్ళీ ఒకసారి విన్నాను. తర్వాత నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు. ఆ రోజు ఆయన అభిమానించే బేస్‌బాల్ జట్టు గెలిచిందో లేదో ఫోనులో వెతికాను. ఓడిపోయింది. నేనెరిగినంత కాలమూ ఆ జట్టు ఓడిపోతూనే ఉంది కాబట్టి ఆయన కొత్తగా పోగొట్టుకున్నదేమీ లేదు.

ఆయన నాకు చుట్టం కారు. ఆయనది కోనసీమ, మాది రాజమండ్రి. షువైఖ్‌లో మా కంపెనీలో ఆయన స్టోర్సు చూసేవారు, నేను అకౌంట్స్, ఖాదర్ భాయ్ సేల్స్. ముగ్గురం సాల్మియాలోనే ఉండేవాళ్ళం గనక రోజూ ఆయన కారులోనే వెళ్ళొచ్చేవాళ్ళం. మొదటి రోజు కారెక్కుతూ "గుడ్ మార్నింగ్ సార్" అన్నాను. ఆయన బ్రేకు మీద కాలుపెట్టి నా వైపు తిరిగారు.

"సార్ అన్నావంటే దిగి బస్సెక్కు. బాబాయ్ అన్నావంటే ముందు సీటు. నీ ఇష్టం అమ్మాయ్."

ఆ కారులో ముందు సీటు అంటే ఎంత గొప్ప పదవో అప్పటికి నాకు తెలియదు. ఏసీ గాలి ముందు సీట్లు దాటి వెనక్కి వెళ్ళేది కాదు. ఎన్నిసార్లు బాగుచేయించినా వెళ్ళలేదు. వెనక కూర్చున్నవాళ్ళు ఆఫీసు చేరేసరికి ఆవిరి మీద ఉడికిన కుడుములైపోయేవారు.

బాబాయ్ గారు ఆ వెనక సీటుని ఆధారం చేసుకునే కారులో పరిపాలన సాగించేవారు. తలుపు దబాలున వేస్తే స్ట్రైక్. కిందికి దిగడం ఆలస్యమైతే స్ట్రైక్. కారులో క్రికెట్ మాట ఎత్తితే స్ట్రైక్. మూడు స్ట్రైకులు పడితే అవుట్, మర్నాడు వెనక సీటు. ఖాదర్ భాయ్ వారంలో చాలా రోజులు వెనకే ఉండేవాడు. ఎందుకంటే అతనికి తలుపు మెల్లగా వేయడం చేతకాదు, రాత్రి జరిగిన క్రికెట్ మ్యాచ్ గురించి పొద్దున మాట్లాడకపోతే అన్నం అరగదు.

"ఏంది నా నీ న్యాయం? దేశమంతా చూసే ఆట గురించి మాట్లాడగూడదు, ఎవురూ చూడని ఆట గురించి మాత్రం దినామూ మేం వినాల్నా?"

"ఎవరూ చూడట్లేదనే కదా నేను చూత్తన్నాను. నేను కూడా చూడకపోతే వాళ్ళేమైపోతారు?"

ఆ ఆట ఆయనకెలా అంటుకుందంటే, కువైట్ వచ్చిన కొత్తల్లో ఎడారిలో ఒక అమెరికన్ల క్యాంపులో స్టోరు చూసేవారట. అక్కడి మెస్సులో టీవీకి ఒకటే ఛానెల్. మొదటి నెల ఏమీ అర్థం కాలేదట. రెండో నెల కోపం వచ్చిందట. మూడో నెల, క్యాంపు ఖాళీ చేసి వెళుతున్న ఒక ముసలి ఫోర్‌మన్ తన గ్లవ్వునీ టోపీనీ ఈయన చేతిలో పెట్టి, టోపీ మీదున్న జట్టుని ఇకమీదట నువ్వే చూసుకోవాలి అన్నాడట. ఆయన నిజంగానే అప్పటినుంచీ దాన్ని చూసుకుంటున్నారు. అమెరికాలో సాయంత్రం జరిగే ఆట మనకి తెల్లవారుజామున పడుతుంది. అది చూసి, స్నానం చేసి, ఓడిపోయిన మొహంతో కారు తీసేవారు.

ఆట గురించి నాకు ఆయన చెప్పిన పాఠం చాలా సులువు. "నాలుగు మూలలాట ఆడేవా చిన్నప్పుడు? అదే అనుకో. బంతి కొట్టి పరిగెత్తాలి. మూల మూలకీ ఆగొచ్చు. బయల్దేరిన మూలకే తిరిగొచ్చి పడితే లెక్కలోకి వత్తావు. మధ్యలో దొరికిపోతే అవుట్." అంటూ గ్లవ్వు లేని చేతి పిడికిలి బిగించి, బొటనవేలు పైకి లేపి, భుజం మీదుగా వెనక్కి విసిరేవారు. "ఇదీ అంపైరు అవుట్ ఇచ్చే తీరు. ఇదిగో ఇది సేఫ్." రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసేసి, అరచేతులు కిందికి పెట్టి, బారచాచి, గాలిని దులిపేసినట్టు పక్కలకి విదిలించేవారు. కారు గంటకి ఎనభై మీద వెళుతుండగా చూపించేవారు. సేఫ్ అనే మాట విన్నప్పుడల్లా నా ప్రాణాలు పోయేవి.

ఆటలన్నిటి మీదా ఆయనకి అభిప్రాయాలుండేవి, అవన్నీ రోడ్డు మీదే పుట్టేవి. రౌండెబౌట్ దగ్గరికి రాగానే "ఇదీ ఫుట్‌బాలంటే" అనేవారు. "అందరూ ఒకేసారి తిరుగుతారు, ఎవడికీ ఎవడూ కనపడడు, చివరికి ఒకడు కింద పడి కాలు పట్టుకుంటాడు." హైవే మీద వెనకనుంచి లైట్లు కొట్టి తప్పుకోమనేవాణ్ణి చూస్తే టెన్నిస్. "నా కోర్టు, నా కోర్టు అని ఏడుపు. పో నాయనా, నీదే." క్రికెట్ గురించి మాట్లాడకూడదని మాకు పెట్టిన నియమం ఆయనకి వర్తించదు. "క్రికెట్ పెళ్ళి ఊరేగింపమ్మా. దార్లో ఆగి టీ తాగుతారు, ఆగి భోంచేత్తారు, మూడో రోజుకి ఎవరు పెళ్ళికొడుకో ఎవడికీ గుర్తుండదు." వెనకనుంచి ఖాదర్ భాయ్ చెమట తుడుచుకుంటూ "నీకు స్ట్రైక్ ల్యా నా?" అని అడిగేవాడు. అంపైరుకి స్ట్రైకు ఉండదని జవాబు.

నాలుగో రింగ్ రోడ్డు మీద ఎంతకీ పచ్చ పడని సిగ్నల్ ఒకటుంది. బేస్‌బాల్‌లో ఏడో ఇన్నింగ్స్ మధ్యలో చూసేవాళ్ళంతా లేచి ఒళ్ళు విరుచుకుంటారట. కారులో లేవలేం కాబట్టి ఆ సిగ్నల్ దగ్గర ముగ్గురం చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకోవాలి. ఎత్తకపోతే స్ట్రైక్. పక్క కారులో కువైటీ అమ్మగారు మమ్మల్ని చూసి, ఎవరైనా తుపాకీ చూపిస్తున్నారేమోనని అటూ ఇటూ వెతుక్కున్న రోజు కూడా ఉంది. ఇంకోరోజు ఒక పోలీసు మోటార్‌సైకిలు ఆపి, గ్లవ్వు వైపు వేలు చూపించి "శ్నూ హాదా?" అన్నాడు, ఇదేంటని. బాబాయ్ గారు దాన్ని తీసి ఇచ్చేశారు. పోలీసు తొడుక్కుని, రెండో చేత్తో పిడికిలి చేసి దాంట్లో ఓ గుద్దు గుద్ది, చిన్నపిల్లాడిలా నవ్వి, తిరిగిచ్చి పొమ్మన్నాడు. నేరం ఏమిటో ఇద్దరికీ తేలలేదు.

ఇంత సరదా మనిషికి ఒకే ఒక్క విషయంలో దయాదాక్షిణ్యాలు లేవు. అది షువైఖ్ ఎగ్జిట్.

పొద్దున పూట ఆ ఎగ్జిట్ కోసం కుడి వరసలో కార్లు బారులు తీరి నిలబడతాయి. బుద్ధిమంతులంతా ఆ వరసలో ఉడుకుతుంటే, తెలివైనవాళ్ళు పక్క వరసలో ఝామ్మని ముందుదాకా వచ్చి, చివరి నిమిషంలో ముక్కు దూరుస్తారు. బాబాయ్ గారి దృష్టిలో మానవజాతి రెండు రకాలు, వరసలో నిలబడేవాళ్ళూ దూరేవాళ్ళూ. దూరేవాడు కనబడగానే ఆయన ఒళ్ళు నిటారుగా అయ్యేది. ముందు కారు బంపరుకి మా బంపరు ఆనించినంత పని చేసేవారు. కిటికీ అద్దం దించి, మాడ్చేసే వడగాలి లోపలికి కొడుతున్నా లెక్కచేయకుండా, ఆ మనిషి కళ్ళలోకి చూసి, బొటనవేలు భుజం మీదుగా విసిరేవారు. అవుట్. తర్వాత అద్దం ఎత్తేసి, "వత్తన్నాడు దొంగ వెధవ" అని నెమ్మదిగా, తృప్తిగా అనేవారు.

ఆ దూరేవాళ్ళలో ఒక ఈజిప్షియన్ ఉండేవాడు. పసుప్పచ్చ పికప్పు, వెనక రంగు డబ్బాలు, నిచ్చెన. ఇళ్ళకి రంగులు వేసేవాడన్నమాట. దాదాపు రోజూ మా టైముకే వచ్చేవాడు, రోజూ మా ముందే దూరబోయేవాడు. బాబాయ్ గారు రోజూ అవుట్ ఇచ్చేవారు. మొదటిసారి ఆయన బొటనవేలు చూసి ఆ మనిషి కంగారుగా అద్దంలో వెనక్కి చూసుకున్నాడు. ముందుకు పోయి, ఎగ్జిట్ పక్కన చారలు గీసిన జాగాలో బండి ఆపి, దిగి, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి డబ్బాలు కదిపి చూశాడు, తలుపు లాగి చూశాడు, వంగి చక్రాలు చూశాడు. ఈలోగా మేం దాటిపోయాం.

కారులో అందరికంటే ముందు ఖాదర్ భాయ్‌కి అర్థమైంది. "అన్నా, నువ్వు అవుట్ అంటే, వాడు బండెనక ఏందో అయిందని చెప్తాండావు అనుకున్నాడు నా!"

నిజమే. ఈ ఊళ్ళో తలుపు సరిగ్గా పడకపోయినా, చక్రంలో గాలి లేకపోయినా పక్క బండివాళ్ళు అలాగే సైగచేసి చెబుతారు. బాబాయ్ గారు స్టీరింగు మీద పడి, టోపీ జారిపోయేదాకా నవ్వారు. ఇలాంటి అవుట్ ఏ అంపైరుకీ దొరికి ఉండదన్నారు. ఆ రోజు నుంచీ ఆయనకి ఆ పికప్పు కోసం ఎదురుచూడ్డం ఒక వ్యసనమైంది. "మావాడు వత్తాడా ఈరోజు?" అని సాల్మియాలోనే మొదలుపెట్టేవారు. బొటనవేలు విసరడం, ఆ అమాయకుడు పక్కకి తీసి దిగడం, వంగడం. కొన్నాళ్ళకి అతను వంగుతూ మాకు దండం కూడా పెట్టేవాడు. పాపం ఎందుకండీ బాబాయ్ గారూ అని నేనంటే, "దూరడం మానెయ్యమను, నేనూ మానేత్తాను" అనేవారు.

ఇక నా సంగతి. ఆ సంవత్సరం బాబాయ్ గారు ఉద్యోగం చాలించి ఇండియా వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నారు. కారణం అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పేవారు. "ఇండియాలో ఆట తెల్లారాక కూడా నడుత్తాదమ్మా. కాఫీ తాగుతూ, మీ పిన్నిగారి పక్కన కూర్చుని చూడొచ్చు. పెళ్ళయ్యాక మేం కలిసి కాఫీ తాగిన పొద్దులు చాలా తక్కువ." ఖాదర్ భాయ్ అప్పటికే వేరే కంపెనీకి మారే ప్రయత్నంలో ఉన్నాడు గనక, బాబాయ్ గారు వెళ్ళిపోతే నాకు ఆఫీసుకి దారి లేదు. మా ఆయన పని దక్షిణాన చమురు బావుల దగ్గర, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండరు. అమ్మాయిని స్కూలు బస్సెక్కించాక సిటీ బస్సు పట్టుకుని వెళితే నా హాజరు వేళ దాటిపోతుంది. నేను లైసెన్సు తెచ్చుకుని కారు నడపాలి, లేదా ఉద్యోగం మానేయాలి. రెండుసార్లు టెస్టుకి వెళ్ళి రెండుసార్లూ తప్పాను. ఒకసారి వెనక్కి తీస్తూ కోన్ పడగొట్టాను. రెండోసారి ఇండికేటర్ వేయమంటే కంగారులో వైపర్లు వేశాను. ఇంటికొచ్చి బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ ఉద్యోగం నాకు జీతం ఒక్కటే కాదు, ఇంట్లోంచి బయటపడి నా పేరుతో నన్ను పిలిచే చోటు.

బాబాయ్ గారు మాత్రం కొట్టిపారేశారు. "మా ఆటలో పదిసార్లు నిలబడి మూడుసార్లు కొట్టినవాడికి విగ్రహాలు పెడతారు. నువ్వు రెండేగా తప్పింది. చాలా ముందున్నావు."

మూడో టెస్టు రోజు తనే దింపుతానన్నారు. టెస్టు మైదానానికీ అదే షువైఖ్ ఎగ్జిట్. దారంతా పాఠమే. "వెనక్కి తీసేటప్పుడు అద్దం చూడు, మెడ తిప్పు, కోన్ని చూడకు. కోన్ని చూత్తే దాని మీదకే పోతావు." గ్లవ్వు గాల్లో తిప్పుతూ, కారుని చూపిస్తూ, కోన్ని చూపిస్తూ చెబుతున్నారు. ఖాదర్ భాయ్ వెనక సీట్లోంచి "అన్నా, వరస! అన్నా!" అని అరిచేసరికి ఎగ్జిట్ ముంచుకొచ్చేసింది. మేం పక్క వరసలో ఉన్నాం. ముందెక్కడో రెండు కార్లు గుద్దుకున్నాయట, కుడి వరస అంగుళం అంగుళం కదులుతోంది. బంపరుకి బంపరు ఆనించి నిలబడ్డాయి బండ్లు.

కారు ఆపి ఆయన నా మొహం చూశారు. ముందుకు వెళ్ళి యూటర్న్ తీసుకుని వస్తే టెస్టు దాటిపోతుంది. దాటిపోతే మళ్ళీ పిలుపు వచ్చేసరికి ఆయన ఈ దేశంలో ఉండరు.

"దూరండి బాబాయ్ గారూ" అన్నాను.

"నేనా?"

ఆ "నేనా"లో ఎంత బాధ ఉందో నేను ఎవరికీ వర్ణించలేను. మడి కట్టుకున్న మనిషిని చేపల పులుసు కలపమన్నట్టు చూశారు. తర్వాత టోపీ సర్దుకుని, ఇండికేటర్ వేసి, కారు ముక్కు కుడికి తిప్పారు. ఒక్కడూ ఆగలేదు. వెండిరంగు కారు బంపరు ఆనించేసింది. దాని వెనక తెల్లకారు ఇంకా దగ్గరికి జరిగింది. ఒకాయన కళ్ళజోడులోంచి మమ్మల్ని చూసిన చూపు అచ్చం బాబాయ్ గారి చూపే. బాబాయ్ గారి చెవులు ఎర్రబడిపోయాయి. "ఆళ్ళదేం తప్పు లేదు, ఆళ్ళదేం తప్పు లేదు" అని గొణుక్కుంటూ, గ్లవ్వు తొడిగిన చేత్తో అందరికీ దండాలు పెడుతున్నారు.

అప్పుడు వరసలో మా పక్కకి వచ్చింది పసుప్పచ్చ పికప్పు. ఆ రోజు అతనికి ఏ బుద్ధి పుట్టిందో గాని పద్ధతిగా వరసలో నిలబడి ఉన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంతకాలం ఎండలో దింపి వంగోబెట్టిన మనిషి ముందు ఇప్పుడు చేయి చాపాలి.

పికప్పు ఆగింది. ముందు బోలెడంత సందు వదిలాడు. వెనక హారన్లు మోగిపోతుంటే తల బయటపెట్టి, మాకేసి చేతులూపుతూ "తఆల్, తఆల్" అన్నాడు, రమ్మని. నా కిటికీ అతని పక్కకే ఉంది. అద్దం దించాను. అతను నా మీదుగా బాబాయ్ గారితో గుండె మీద చెయ్యేసుకుని గబగబా ఏదో చెప్పుకుపోయాడు. మాకు అరబ్బీ అంతంతమాత్రం. ఖాదర్ భాయ్ వెనకనుంచి తర్జుమా మొదలుపెట్టాడు.

"నువ్వు దినామూ చెప్తాండావంట నా, బండెనక చూసుకోమని. యాడ చూసినా ఏమీ కనపడల్యాదంట. ఈ పెద్దాయన ఊరికే చెప్పడు గదా అని పోయిన వారం షెడ్డుకి తోలకపోయినాడంట. వెనక టైరు లోపలి పక్క ఉబ్బిపోయిండాదంట నా. ఈ ఎండకి రోడ్డు మీదే పగిలిపోయేదని చెప్పినారంట. ఆ పొద్దు సాయంత్రం పెండ్లాం పిల్లోల్లని ఎక్కించుకోని సముద్రం కాడికి పోవాల్సిండెనంట." ఖాదర్ భాయ్ గొంతులో నవ్వు ఆగిపోయింది. "నీకు ఏం ఇచ్చినా రుణం తీరదంటాండాడు నా. వాల్లమ్మ నీకోసం దువా చేచ్చాందంట."

బాబాయ్ గారు తలూపి, కారుని ఆ సందులోకి తోశారు. ఎగ్జిట్ ఎక్కాక మైదానం చేరేదాకా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని నడిపారు.

ఆ రోజు నేను కోన్ని చూడలేదు. మెడ తిప్పాను. పాసయ్యాను. పరిగెత్తుకుంటూ వచ్చి చెబితే ఆయన నా తల మీద గ్లవ్వుతో ఒక్కటి మొట్టారు. ఇక ఆఫీసుకి బయల్దేరదామని చూస్తే తాళాలు ఖాదర్ భాయ్ చేతిలో పెట్టి, వెనక తలుపు తీసి, ఏసీ తగలని ఆ మూల సీట్లో కూర్చున్నారు.

"ఇదేంటండీ?"

"ఎరర్ అమ్మాయ్. మా ఆటలో ఫీల్డరు తప్పు చేత్తే వాడి తప్పుని బోర్డు మీద వేత్తారు, ఊరంతా చూత్తాది. మీ క్రికెట్‌లో ఉందా ఆ మర్యాద?"

"అంపైరుకి స్ట్రైకు ల్యాదంటివే నా?" అన్నాడు ఖాదర్ భాయ్.

"దొంగ అంపైరుకి ఉంటాది. నువ్వు పోనీ."

ఆఫీసు చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయి, మొహం కందిపోయి దిగారు. ఆ వారమంతా ముందుకు రమ్మంటే రాలేదు. ఖాదర్ భాయ్ నడుపుతుంటే వెనకనుంచే సిగ్నల్ దగ్గర ఒళ్ళు విరుచుకునేవారు.

తర్వాత మళ్ళీ స్టీరింగు పట్టారు, మళ్ళీ అందరికీ అవుట్లు ఇచ్చారు. ఆ ఈజిప్షియన్ కూడా మళ్ళీ దూరడం మొదలుపెట్టాడు. కాని పసుప్పచ్చ పికప్పు కనబడగానే బాబాయ్ గారు ఆగి, సందిచ్చి, రెండు చేతులూ బారచాచి సేఫ్ ఇచ్చేవారు. అతను దానికి, బండి వెనక అంతా బాగుంది పొమ్మంటున్నాడని అర్థం చేసుకుని, ఆనందంగా "తమామ్, తమామ్", భేష్ భేష్ అనుకుంటూ పోయేవాడు.

నిజం చెప్పేయాలని బాబాయ్ గారు చాలా తాపత్రయపడ్డారు. ఖాదర్ భాయ్ దగ్గర అరబ్బీలో రెండు ముక్కలు నేర్చుకున్నారు కూడా. ఆఖరి రోజు ఎగ్జిట్ దగ్గర అద్దం దించి, గొంతు సవరించుకుని "యా అఖీ" అని, అంటే తమ్ముడూ అని, మొదలుపెట్టారు. అతను ఆ పిలుపుకే మురిసిపోయి, పక్క సీట్లోని పొట్లం తీసి ఈయన చేతిలో కుక్కి వెళ్ళిపోయాడు. వేడి వేడి ఫలాఫెల్, మన గారెల్లాంటివి. మిగతా దారంతా మేం ముగ్గురం అవి తింటూ వెళ్ళాం. బాబాయ్ గారు తింటూనే నాతో అన్నారు, "నా వల్ల కాలేదమ్మాయ్. నువ్వెప్పుడైనా చెప్పెయ్యి వాడికి. అది అవుట్ అని."

ఆ కారు నేనే కొనుక్కున్నాను. గ్లవ్వు కారుతో పాటే వచ్చింది. టోపీ మాత్రం ఇవ్వలేదు, జట్టుని ఇంకా చూసుకోవాలన్నారు. కోనసీమలో కొబ్బరిచెట్ల మధ్య, పిన్నిగారి పక్కన కాఫీ గ్లాసుతో ఒక వేసవి అంతా చూసుకున్నారు. ఫోటోలు పంపేవారు. ప్రతి ఫోటోలోనూ ఆయన టీవీ చూస్తుంటే, పిన్నిగారు ఈ పిచ్చిమనిషికి నన్నెందుకు కట్టబెట్టారు అన్నట్టు మా వైపు చూస్తూ ఉండేవారు.

ఖాదర్ భాయ్ ఇప్పుడు హవల్లీలో వేరే కంపెనీకి మారాడు. కారులో నేనొక్కదాన్నే. మెసేజ్ వచ్చిన మర్నాడు పొద్దున, ఎడం చేతికి గ్లవ్వు తొడుక్కుని, షువైఖ్ ఎగ్జిట్ వరసలో నిలబడి ఉన్నాను. పసుప్పచ్చ పికప్పు పక్కకి వచ్చింది. చాలా నెలల తర్వాత చూడ్డం. అతను గ్లవ్వుని గుర్తుపట్టాడు, తర్వాత నన్ను. పక్క సీటు మీదకి వంగి, తల మీద టోపీ ఉన్నట్టు చేతితో చూపించి, వేళ్ళు తిప్పాడు. ఎక్కడ, ఆ పెద్దాయన?

అద్దం దించాను. చెప్పాల్సినవి రెండు. ఆయన పోయారు. ఆయన నీకు చూపించింది అవుట్. రెండిటికీ సైగ ఒకటే, బొటనవేలు. పిడికిలి బిగించాను, వేలు లేచింది కూడా. అతను ముందుకు వంగి, మళ్ళీ ఏ టైరు సంగతి చెబుతానోనని శ్రద్ధగా చూస్తున్నాడు.

వేలు దించేశాను. స్టీరింగు వదిలేసి, రెండు చేతులూ బారచాచి విదిలించాను. సేఫ్. బయల్దేరిన చోటికే తిరిగి వెళ్ళిపోయారు, కాఫీ తాగడానికి వెళ్ళారు, సేఫ్.

అతని మొహం విప్పారింది. "తమామ్?" అన్నాడు. తలూపాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి నా వైపు చాపాడు. ఆయనకి సలాం అందజేయమని. సందిచ్చాను, ముందుకు వెళ్ళిపోయాడు. నాకు అద్దంలో ఏసీ తగలని ఆ మూల సీటు కనిపించింది. ఏడుపొచ్చేసింది. గ్లవ్వుతో కళ్ళు తుడుచుకుంటే తెలిసింది, దాని తోలు ఎంత గరుకో.

అదే అదనుగా పికప్పు వెనకే ఒక పెద్ద నల్లకారు ముక్కు దూర్చింది. బంపరు ఆనించేశాను. కుడి చేతి బొటనవేలు లేపి, ఆ మనిషి కళ్ళలోకి చూస్తూ, భుజం మీదుగా విసిరాను. అతను గతుక్కుమని అద్దంలో చూసుకుని, ముందుకు పోయి చారల జాగాలో ఆపి, పాదాలదాకా ఉన్న తెల్లని దిష్‌దాషా అంగీ ఎత్తిపట్టుకుని దిగి, చక్రాల దగ్గర వంగాడు. అతని టైర్లన్నీ బాగానే ఉండాలని మనసులో అనుకుంటూ ఎగ్జిట్ ఎక్కాను.